క్రయపత్రంలో జలం: చెరువు శికంలో ఇంటిస్థలం – ఒక ధర్మవిచారం

భూమి అమ్మకాన్ని తెలిపే తెలుగు దస్తావేజులలో ఒక పాత మాటల వరుస నేటికీ తరచు కనిపిస్తుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే అష్టభోగాలతో సహా స్థలాన్ని విక్రయించినట్లు అమ్మినవాడు రాసి ఇస్తాడు. దానశాసనాల నుంచి దస్తావేజు లేఖరుల చేతికి వచ్చిన ఈ వరుసను కొనేవాడు సాధారణంగా చదవడు. చదివినా మామూలు రాతగా దాటిపోతాడు. కొన్న స్థలంలో కొంత భాగం చెరువులో ఉన్నప్పుడు మాత్రం ఎనిమిదింటిలో మూడవది ప్రశ్నగా నిలుస్తుంది. ఆ జలాన్ని అమ్మే అధికారం అమ్మినవాడికి ఎక్కడిది?

సంగారెడ్డి జిల్లాలో హైదరాబాదు అంచున ఉన్న అమీన్‌పూర్ చెరువును ప్రభుత్వం 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. దేశంలో ఈ గుర్తింపు పొందిన నగర ప్రాంత జలాశయాలలో ఇదే మొదటిది. వలస పక్షులు దిగే అటువంటి చెరువుల చుట్టూ ఇళ్ల స్థలాల వ్యాపారం సాగుతూనే ఉంది. పూర్తి నీటిమట్టపు గీత లోపల కట్టడాలు కూడదనీ, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు విడిచిపెట్టాలనీ 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన స్పష్టంగానే ఉంది. చిక్కు అంతా ఆ గీత లోపల కూడా పట్టాలు ఉండడంలో ఉంది.

తెలంగాణలో చెరువు ముంపు నేలను శికం అంటారు. శికం అంతా సర్కారుది కాదు. కొంత రైతుల పట్టాగానే దాఖలై ఉంది. నీరు తీసినప్పుడు ఆ రైతు దున్ని విత్తేవాడు, నీరు నిండినప్పుడు తప్పుకొనేవాడు. తన పొలం మునిగిందని అతడు చెరువు మీద ఫిర్యాదు చేయలేదు. ఎందుకంటే అతని హక్కులోనే ఆ మునక ఉంది. ఆ నేలను రైతు, చేప, కొంగ, జమ్ముపొదల్లో గూడు కట్టే నీటికోడి వంతుల వారీగా అనుభవించాయి. పట్టా కాగితం మీద ఒక్క పేరే ఉన్నా, అనుభవం మాత్రం ఉమ్మడిది. ఇల్లు ఈ వంతులను ఎరుగదు. పన్నెండు నెలలూ పొడి నేల కోరడం దాని స్వభావం. కాబట్టి శికం పట్టాను 200 గజాల ముక్కలుగా కొని మట్టి నింపినవాడు తాను కొన్న హక్కును వాడుకోవడం లేదు. ఎవరూ అమ్మని, అమ్మజాలని మరొక హక్కును దానికి కలుపుకుంటున్నాడు.

తనది కానిదానిని అమ్మడాన్ని ధర్మశాస్త్రం అస్వామివిక్రయం అంది. పద్దెనిమిది వ్యవహార పదాలలో అది ఒకటి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర 13వ శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ ద్వారా తెలుగులోకి వచ్చింది కనుక ఈ భావన తెలుగువారికి పరాయిది కాదు. యాజ్ఞవల్క్యుడు కొన్నవాడిని కూడా విడిచిపెట్టలేదు. ఆ వస్తువు ఉండదగని వాడి నుంచి గాని, చాటుగా గాని, తక్కువ వెలకు గాని, వేళగాని వేళ గాని కొన్నవాడు దొంగతో సమానమన్నాడు. వీటిలో వెల గుర్తు నేటికీ పదునుగా ఉంది. పక్క వీధిలో కంటె గజం ధర సగానికి దొరికినప్పుడు, ఆ తగ్గుదల ఎందుకని అడగకపోవడం అజ్ఞానం కాదు, అజ్ఞానాన్ని ఎంచుకోవడం. వేళ అంటే స్మృతికారుని ఉద్దేశం రాత్రి వంటి అకాలమే కావచ్చు. అయినా చెరువు ఎండిన వేసవిలో చూపించి అమ్మే స్థలాన్ని తలచుకుంటే ఆ మాటకు మరొక అర్థం తోచకపోదు.

ఇంతటితో కొన్నవాడిని దోషిగా తేల్చడం తొందరపాటు అవుతుంది. రిజిస్ట్రేషను జరిగింది, కట్టడానికి అనుమతి వచ్చింది, బ్యాంకు అప్పు ఇచ్చింది. అడగవలసిన వారందరినీ అతడు అడిగాడు. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత సాగిన కూల్చివేతలలో ఇటువంటి వారి గోడు ప్రధానంగా వినిపించింది. ఇక్కడ స్మృతి నేటి పాలన కంటె నిశితంగా ఆలోచించింది. కొన్నవాడు తనకు అమ్మినవాడిని చూపితే నిర్దోషి; వస్తువు స్వామికి, దండుగ రాజుకు, చెల్లించిన వెల కొన్నవాడికి చేరాలి, ఇవన్నీ అమ్మినవాడి నుంచే రాబట్టాలి. నేడు చెరువుకు దాని నేల తిరిగి వచ్చినా కొన్నవాడికి వెల రావడం లేదు. అమ్మినవాడు కనిపించడు. రాజు మాత్రం దండుగకు ముందే స్టాంపు సుంకం వసూలు చేసుకుని ఉన్నాడు. చెరువు పక్షాన నిలిచే వాదం ఈ అన్యాయాన్ని లెక్కలోకి తీసుకోకపోతే సగం ధర్మమే అవుతుంది.

అసలు పరీక్ష తెలిసిన తరువాత మొదలవుతుంది. స్థలంలో మూడో వంతు గీత లోపల ఉందని తెలిసినవాడు చెప్పకుండా మరొకరికి అమ్మితే, నిన్నటి బాధితుడే నేటి అస్వామి అవుతాడు. కొన్నవాడు మామూలు శ్రద్ధతో కనిపెట్టలేని ముఖ్య లోపాన్ని తెలిసిన అమ్మకందారు వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను కూడా చెబుతుంది. అమ్మకుండా, నింపకుండా ఆ భాగాన్ని అలాగే వదిలేయడం మిగిలిన దారి. అప్పు మొత్తం స్థలానికి కడుతూ మూడో వంతును కొంగలకు విడిచిపెట్టమనడం న్యాయమేనా?

విశ్వజిత్ యాగంలో సర్వస్వం దానం చేసే యజమాని భూమిని ఇవ్వవచ్చునా అని జైమిని మీమాంసలో ఒక చర్చ ఉంది. భూమి అందరికీ సమానమైనది కనుక ఇవ్వరాదని అక్కడి నిర్ణయం. పొలాలకు యజమానులు ఉండడం కనిపిస్తుంది గాని పృథివికి కాదని శబరస్వామి వివరణ. ఆ ‘అందరి’లో పక్షులు ఉన్నాయని మీమాంసకులు అనలేదు, కాని ఇవ్వజాలనిదానిని వదులుకోవడం త్యాగం కాదనే తర్కం అక్కడి నుంచే వస్తుంది. సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్తయే తప్ప యజమాని కాదని 1996లో సుప్రీంకోర్టు కమల్‌నాథ్ వ్యాజ్యంలో చెప్పింది. రాజ్యానికే లేని స్వామ్యం పట్టాదారుకు ఉండదు. ఆ మూడో వంతు విషయంలో అతడు పోగొట్టుకున్నది డబ్బు, నేల కాదు. ఆ డబ్బుకు జవాబు చెప్పవలసింది అమ్మినవాడు, అనుమతించినవాడు.

సప్తసంతానాలలో తటాకం ఉంది, వనం ఉంది. ఇల్లు లేదు. ఇల్లు కట్టడం తప్పని దాని భావం కాదు, తరువాతి తరాలకు నిలిచేవాటిలో దానిని లెక్కించలేదని మాత్రమే. పాత దస్తావేజులలో చెరువు హద్దుగా ఉండేది. ‘పడమర: చెరువు’ అని రాసేవారు. లేఅవుటు కాగితాలలో ఆ చోట 30 అడుగుల రోడ్డు, పక్క ప్లాటు నంబరు వచ్చి చేరాయి. తెలిసి అమ్మదలచినవాడు పూర్తి నీటిమట్టపు గీతనే పడమటి హద్దుగా రాసి, ఆ లోపలి గజాలకు వెల తీసుకోకుండా ఇవ్వడానికి ఏ చట్టమూ అడ్డురాదు.