విశ్వవిద్యాలయమునకు వచ్చిన పేరు

జ్యోతినగరమున మా వీధిలోని యొక యింట నిరుడు వానకాలమున నొక వివాదము పుట్టినది. ఆ యింటి యజమాని విద్యుత్కేంద్రమున పనిచేయువాడు. ఆయన కుమార్తె డిగ్రీ ముగించి, రాష్ట్రమంతటికి నొక్కటిగా జరుగు ప్రవేశపరీక్ష వ్రాసి, అర్థశాస్త్రమున ఎం.ఏ. చదువుటకు ఉస్మానియా విశ్వవిద్యాలయమున సీటు సంపాదించినది. ఇంటిల్లిపాదియు సంతోషింపవలసిన దినమది. తండ్రి మాత్రము వద్దనినాడు. సాయంకాలము మా యింటికి వచ్చి, "అన్నా, అక్కడ చదువు నడుస్తదా? పొద్దున లేస్తే ధర్నా, సాయంత్రమైతే బందు. ఆడపిల్లను ఆ గొడవల్ల ఎట్ల పడేసేది?" అని మా యభిప్రాయ మడిగినాడు.

మేము "నిజమే" యనబోయి యాగితిమి. ఆ ప్రాంగణమున మేము కాలు పెట్టి యిరువది యేండ్లు దాటినది. మాకు దానినిగూర్చి తెలిసినదెల్ల వార్తాపత్రికల బొమ్మలలో చూచినదియు, దూరదర్శనమున విన్నదియు. అంతమాత్రమున నొక పిల్ల భవిష్యత్తును తేల్చివేయు మాట మా నాలుకమీద నంత సులభముగా నెట్లు సిద్ధమైయుండెనో మాకే వింత తోచినది. రెండుదినములు గడువడిగితిమి. ఆ రెండు దినములు రెండు వారములైనవి.

ఉస్మానియాకు వచ్చిన పేరు నిప్పులేని పొగ కాదు. 1918లో ఉర్దూ బోధనభాషగా నేర్పడిన యా విద్యాలయమున, ఇరువది యేండ్లకే, వసతిగృహములలో వందేమాతర గీతము పాడినందుకు విద్యార్థులు వెడలగొట్టబడినారు. అది 1938వ సంవత్సరము. 1952లో ముల్కీ యుద్యమమునను వారే ముందు నిలిచినారు. 1969లో ప్రత్యేక తెలంగాణోద్యమమున కళాశాలలు మూతపడి, ఎందఱో విద్యార్థులకు చదువులో నొక సంవత్సరము పోయినది. కొందఱికి ప్రాణములే పోయినవి. 1972 ఏప్రిల్ 14వ తేదీన, భౌతికశాస్త్రమున స్వర్ణపతకము పొందిన జార్జి రెడ్డి ప్రాంగణముననే హత్యకు గురియైనాడు. 2009 శీతకాలమున ఆర్ట్సు కళాశాల ముంగిలి తెలంగాణోద్యమమునకు నడిబొడ్డైనది. ఇన్ని తెలిసిన తండ్రి భయపడుట తప్పని మేమనజాలము.

కాని 1938వ సంవత్సరమును మఱికొంచెము నిదానించి చూడవలెను. నాటి ప్రభుత్వమువారి దృష్టిలో నా పిల్లలు చేసినది క్రమశిక్షణకు భంగము. నాగపురపు విశ్వవిద్యాలయమువారి దృష్టిలో నది కాదు; వారు తలుపులు తెఱచి, వెలివేయబడినవారిని చేర్చుకొనిరి. అట్లు పోయినవారిలో నొకరు పి.వి. నరసింహారావుగారు, వారు 1991లో భారతదేశమునకు ప్రధానమంత్రియైనారు. నాడు వరంగల్లులోనో కరీంనగరములోనో ఎవరో యొక పెద్దమనిషి తన కుమారునితో, "ఆ పాటలు పాడు పిల్లలతో తిరుగకుము" అని చెప్పియే యుండును. అతనిని తప్పుపట్టుటకు మేమెవరము? అతని యెఱుక యంతవఱకే. అయినను పని యొక్కటే, ఆ పనికి వచ్చిన పేర్లు రెండు. పేరు చూచువాని నెలవును తెలుపునేగాని, చూడబడినదాని నిజమును తెలుపునని నమ్మకము లేదు.

ఇది మా ప్రాంతమువారికి నొకరు చెప్పవలసిన సంగతి కాదు. వేసవి వచ్చిన చాలును, పత్రికలలో రామగుండము పేరు కనబడును. నేడిన్ని డిగ్రీల యెండ కాచినదని. ఆ యంకె యబద్ధము కాదు. అయినను దానిని చదివినవారెవరికిని జ్యోతినగరపు వీధులలో వేపచెట్లనీడ కలదనియు, సాయంకాలము ఆడువారు ఆ నీడలలో నడచుదురనియు తెలియదు. గోదావరిఖని సంగతి మఱింత కష్టము. ఖని యనిన బొగ్గుమసి, సమ్మె, తుపాకి యని లోకులకు మూడే మాటలు. మా యెఱుకలోని యొక గనికార్మికుని కుమారుడు నగరమున నొక కళాశాలకు పోగా, మొదటి వారముననే అతనిని "బొగ్గుబావి" యని పిలిచిరట; అదియు వేళాకోళమునకు. ఆ పిల్లవాడు సెలవులకు వచ్చి యీ మాట చెప్పినప్పుడు మనసు నొచ్చుకొనినవారిలో నీ తండ్రియు నుండెను! 2011 సెప్టెంబరు 13న సకలజనుల సమ్మె మొదలైనప్పుడు సింగరేణి కార్మికులును పనికి దిగలేదు. ఆ సమ్మెను సోమరితనమనిన బంధువు నొకనిని మా వీధివారు పెండ్లి పందిటిలోనే నిలదీసినారు. తమ సమ్మెకు కారణము వినుమని కోరువారు, పరుల ధర్నాకు కారణము విననక్కఱలేదని యెట్లు తలచెదరు?

పనిమీద హైదరాబాదు పోవలసి వచ్చి, ఒక దినమెల్ల ఆ ప్రాంగణమున గడపితిమి. ఒక దినమున నెంత తెలియును? కొంచెమే, కాని యిరువది యేండ్లు చూడకుండుటకంటె మేలు. ఆర్ట్సు కళాశాల 1939లో తెఱవబడిన యా రాతిమేడ యెప్పటివలెనే గంభీరముగా నున్నది. గ్రంథాలయమున చదువుకొనువారు క్రిక్కిఱిసి యున్నారు. చెట్లక్రింద గూడ పుస్తకములు పఱచుకొని కూర్చున్నవారు కొందఱు. మధ్యాహ్నమున నొక యువకుడు మాకు కొంత చోటిచ్చి మాటలు కలిపినాడు. గోదావరి యవతలి పల్లెవాడు. ఇంటిలో బడికి పోయినవారిలో మొదటివాడు. ఒక ఎం.ఏ. ముగించినాడు, రెండవది చదువుచున్నాడు. "ఇంకను నెన్నాళ్లు బాబూ?" యని యడుగగా నవ్వినాడు. ఆ నవ్వునకు అర్థము తరువాత తెలిసినది.

రాష్ట్రము 2014లో నేర్పడినది. దానిలో గ్రూప్-1 యుద్యోగములకు మొదటి ప్రకటన 2022లో వచ్చినది. ఆ యక్టోబరులో జరిగిన ప్రాథమిక పరీక్ష, ప్రశ్నపత్రములు బయటపడిన కారణమున 2023 మార్చిలో రద్దయినది. జూనులో మరల జరిగిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసినది. 2024 ఫిబ్రవరిలో క్రొత్త ప్రకటన వచ్చినది. ఇరువది రెండేండ్లవాడు ముప్పదేండ్లవాడగుటకు ఈ లెక్క చాలును. "అక్కడ ముసలి విద్యార్థులే యుందురు, చదువు వారికొక సాకు" అని మనము చెప్పుకొను పరిహాసమునకు మూలము ప్రాంగణపు గేటులోపల లేదు. బయట నున్నది.

ఇట్లని యన్నియు సరియే యనుట మా యుద్దేశము కాదు. చదువు ముగిసినవాడు వసతిగృహపు గది వదలనిచో, ఆ గది యింకొక పేదవాని నుండి తీసికొన్నదే. చదువుకొనవలెనని వచ్చినవానికి, ఎవరి పిలుపుమీదనో తరగతులు నిలిపివేయుటకు, ఆ పిలుపు ఎంత న్యాయమైనను, ఊరకయే యధికారము రాదు. ఈ మాట యనినందుకు మమ్ము విద్యార్థి ద్వేషులనువా రుండవచ్చును, అననిండు. కాని తండ్రి భయపడిన బందులకంటె మాకు భయము గొలిపినది వేఱొకటి. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఆచార్య పదవులు ఏండ్ల తరబడి భర్తీకాక, పాఠములు తాత్కాలికముగా కుదిరిన యధ్యాపకుల భుజములపై నడచుట అందఱెఱిగినదే. ఖాళీ కుర్చీ నినాదము చేయదు. కనుక దాని బొమ్మను పత్రికవా రచ్చువేయరు. చప్పుడు చేయు లోపమును మనము పేరుగా మార్చుకొందుము. చప్పుడులేని లోపము నడుగుటయే మఱతుము.

దీనికి తలక్రిందులుగా నున్న యుదాహరణము గూడ హైదరాబాదుననే కలదు. 1969, 1972 సంవత్సరముల యలజడుల పిదప 1973లో కుదిరిన ఆఱుసూత్రముల పథకములో, కేంద్ర విశ్వవిద్యాలయ మొకటి హైదరాబాదున నెలకొల్పవలెనని యొక సూత్రము. అట్లు 1974లో పుట్టినది హైదరాబాదు విశ్వవిద్యాలయము. అల్లరిదని పేరుపడిన విద్యాలయపు టుద్యమమునుండి, నెమ్మదిగలదని పేరుపొందిన విద్యాలయము కలుగుట చూడుడు! రాళ్లగుట్టలు, చెఱువులు, పరిశోధన, ఉదారభావములు. దేశమంతట దానికి గొప్ప పేరు. అక్కడనే, వసతిగృహములనుండి తొలగింపబడిన యైదుగురు పరిశోధక విద్యార్థులలో నొకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణము తీసికొన్నాడు. ఆ యైదుగురును తొలగింపబడిన పిదప ప్రాంగణమున నారుబయట గుడారము వేసికొని, దానిని "వెలివాడ" యని పిలిచిరి. వెలివాడ యను మాట తెలుగువారికి విప్పి చెప్పనక్కఱలేదు. అది ఊరి చివర నుండవలసినదని పూర్వులు విధించిరి. ఇక్కడ దేశమున నుత్తమమైన విశ్వవిద్యాలయములలో నొకదాని నడుమ మొలచినది. ఆ గుడారమునకు నూఱు గజముల దూరమున నొక గదిలో మఱియొక విద్యార్థి సుఖముగా చదువుకొనుచు, "ఇంత మంచి వాతావరణ మెక్కడను లేదు" అని యింటికి చెప్పియుండవచ్చును. అతడు చెప్పినదియు అబద్ధము కాదు. ఇద్దఱును పీల్చినది యొక్క గాలి కాదు, అంతే.

ఈ విషయముననే మనము తఱచు పొరబడుదుము. వాతావరణ మనగా అందఱ యనుభవములను కలిపి తీసిన సగటు అనుకొందుము. ఆ సగటును పీల్చువా రెవ్వరును లేరు. కావున ఒక విద్యాలయమును గూర్చి విచారించువారు దాని కీర్తినిగాని యపకీర్తినిగాని అడుగక, అచ్చట మిక్కిలి తక్కువ బలము గలవానిని వెదకి యడుగవలెనని మాకు తోచినది. సిఫారసు లేనివానికి పరిశోధనకు మార్గదర్శి దొరకునా? భోజనశాలలో ఎవరు ఎవరి ప్రక్కన కూర్చుందురు? తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవాడు తరగతిలో నోరు తెఱచి ప్రశ్న యడిగిన, నవ్వుదురా, జవాబు చెప్పుదురా? ఆడపిల్ల రాత్రి తొమ్మిదింటికి గ్రంథాలయమునుండి వసతిగృహమునకు నడచి పోగలదా? ఒకనిపై ఫిర్యాదు చేసిన పిల్ల మఱుసటి సంవత్సరమును అక్కడనే చదువుచున్నదా, లేక ఇల్లు చేరినదా? ఈ చివరి ప్రశ్నకు వచ్చు సమాధానము పెక్కు విషయములను తెలుపును.

మేము తిరిగివచ్చి యీ సంగతులన్నియు తండ్రికి చెప్పితిమి. ఆయన కొంత మెత్తబడినాడుగాని, "కోఠిలో ఆడపిల్లల విశ్వవిద్యాలయమున్నది గదా" యనినాడు. ఉన్నది, 1924లో పుట్టిన కళాశాల, 2022లో విశ్వవిద్యాలయమైనది, దానికి నేడు చాకలి ఐలమ్మ పేరు. మంచిదే. కాని పిల్ల కోరినది అది కాదు. అంతలో నంతవఱకు మాటాడని తల్లి యొకమాట యనినది. పెద్దవాడు ఇంజనీరింగు చదువుటకు పోయినప్పుడు, ఆ కళాశాలలో గాలి యెట్టిదని ఈ యింట నెవరైన నడిగిరా? ఫీజెంత యని మాత్రమే యడిగిరి. అక్కడ నినాదములు లేవని అందఱును నిశ్చింతగా నుండిరి. వాడు రెండవ సంవత్సరమున నొక సంగతి చెప్పలేక ఆఱునెలలు కుమిలినాడు. అది తల్లికి మాత్రమే తెలియును.

గదిలో కొంతసేపు మాటలు లేవు. ఆలోచించిన, ఆ తండ్రి నమ్మకమువలన నాయనకు పోవునది యేమియు లేదు. నమ్మకము తప్పైనను ఆయన యుద్యోగము, నిద్ర, భోజనము యథాప్రకారముగా సాగును. పోవునది రెండేండ్లును, ఒక సీటును, బహుశః నొక జీవితమును. అవి కుమార్తెవి. మేము "నిజమే" యని యుండిన మాకును పోవున దేమియు లేదు. పరులు వెలచెల్లింపగా మనము నిలుపుకొను నమ్మకములు మన యిండ్లలో నెన్ని యున్నవో లెక్క పెట్టుటకు ఆ రాత్రి మాకు ధైర్యము చాలలేదు.

పిల్ల మాత్రము తెలివిగలది. "మామయ్యా, మీరు ఒక్క రోజే చూసిన్రు గదా. నేనూ అమ్మా పోయి నాలుగు రోజులుండి చూస్తం. అక్కడ చదువుతున్న ఆడపిల్లల్నే అడుగుత" అనినది. మేము చెప్పిన ప్రశ్నలు కాగితముమీద వ్రాసికొని, వానిలో రెండింటిని కొట్టివేసి, తనవి మూడు చేర్చినది. ఆ మూడును ఏవో మేమడుగలేదు. తండ్రి చాలసేపు కిటికీవైపు చూచుచుండి, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్సు రామగుండమునకు ఎన్ని గంటలకు వచ్చునని యడిగినాడు.