దంచే చేతికి దండం

ఆ హోటల్లో వంట నోటికన్నా ముందు చెవికి అందుతుంది. తలుపు తోసేలోపే లోపలినుంచి టొక్కు, టొక్కుమని మెత్తటి చప్పుడు. మట్టిరోట్లో కర్ర రోకలి పడుతున్న చప్పుడది. లాస్ ఏంజిలిస్‌లో మేముండే నార్త్ హాలీవుడ్ వైపు, లాండ్రోమాట్‌కీ డోనట్ల కొట్టుకీ మధ్య ఒక ఇరుకు గదిలో కొత్తగా తెరిచిన థాయి హోటల్. గోడలమీద అలంకారాలేమీ లేవు. బల్లలు కూడా కొద్దే. అయినా సరే, ఈమధ్య మా పేటకు పట్టిన అదృష్టమంటే అదే.

ఈ మాట తేలిగ్గా అనటం లేదు. ఎందుకంటే ఇది థాయి తిండికి మొహంవాచిన ఊరు కాదు. థాయ్‌లాండ్ దాటితే ఇంతమంది థాయి జనం మరే నగరంలోనూ లేరంటారు. అమెరికా 1965 వలస చట్టం తర్వాత వాళ్ల రాక పెరిగింది. 1970ల తొలినాళ్లలో ప్రమోత్ తిలకమోన్‌కుల్ అనే ఆయన మెల్‌రోజ్ అవెన్యూలో బ్యాంకాక్ మార్కెట్ పెట్టాడు. నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, చేపల సాస్ ఒక్కచోట దొరకడం మొదలయ్యాక ఇళ్లలో గుట్టుగా సాగే వంట వీధిలోకి వచ్చింది. మా వైపే వాట్ థాయి అనే బౌద్ధాలయం వెలిసింది. శని, ఆదివారాల్లో దాని ఆవరణంతా తిండి సంతే. 1999లో నగర పాలక మండలి హాలీవుడ్ బౌలెవార్డ్‌లో వెస్టర్న్, నార్మండీ వీధుల మధ్య భాగానికి థాయి టౌన్ అని అధికారికంగా పేరు పెట్టింది. అమెరికాలో అదే మొదటి థాయి టౌన్. ఇలాంటి ఊళ్లో కొత్తగా పొయ్యి వెలిగించాలంటే గుండె ధైర్యం కావాలి.

ఉన్నవాటిని తలుచుకుంటేనే నోరూరుతుంది. సన్‌సెట్ బౌలెవార్డ్‌లో జిత్లదా ఉంది. తూయి సుంగ్‌కమీ, జాజ్ సింగ్‌సనోంగ్ అనే తోబుట్టువులు 2006లో దాన్ని చేతిలోకి తీసుకుని, తమ సొంత సీమ దక్షిణ థాయ్‌లాండ్ వంటలన్నీ దించారు. పచ్చి పసుపు వాసన, కళ్లు తిరిగే కారం. తినుబండారాల గురించి రాసి 2007లో మొట్టమొదటి పులిట్జర్ బహుమతి గెలుచుకున్న జోనథన్ గోల్డ్ ఈ హోటల్ని ఎంతో మెచ్చుకున్నాడు. అక్కడి ఖువా క్లింగ్ తినాలి. మాంసం ఖీమాను మసాలా ముద్దతో, తడి ఇంకిపోయేదాకా వేయించి పెడతారు. రెండు ముద్దలకే చెమట పడుతుంది, చెయ్యి మాత్రం ఆగదు.

థాయి టౌన్‌లో సాప్ కాఫీ షాప్ పేరు చూసి కాఫీకని వెళ్లకండి. వెళ్లాల్సింది పడవ నూడుల్స్‌కి. ఒకప్పుడు బ్యాంకాక్ కాలవల్లో పడవల మీద కాచి అమ్మిన నల్లటి, చిక్కటి మాంసపు చారు అది. రుయెన్ పెయిర్‌లో తూటికూర తినండి. మన చెరువుగట్ల మీద పాకే ఆ తీగనే వెల్లుల్లి, మిరపకాయలతో పెద్ద మంట మీద గబగబా తిప్పి తెస్తారు. చైనానుంచి వెళ్లి థాయ్‌లాండ్‌లో స్థిరపడ్డవాళ్ల చేతి ఒడుపు ఆ వంటలో తెలుస్తుంది. ఇక తులసి సంగతి. కోటలో పెట్టి నీళ్లు పోసి పూజించే ఆ ఆకునే వాళ్లు ఖీమాలో పిడికెళ్లకొద్దీ వేసి వేయిస్తారు. మూకుట్లో పడ్డప్పుడు లేచే ఆ ఘాటు చిన్నప్పుడే ముక్కుకు తెలిసిన వాసన. దాన్ని అన్నంలో కలుపుకుని తింటుంటే ఒళ్లు పులకరిస్తుంది.

దక్షిణం, బ్యాంకాక్ కాలవలు, చైనా మూకుడు ఇవన్నీ ఉన్నాయి సరే. మా పేటకు అందుబాటులో లేనిది ఈశాన్య థాయ్‌లాండ్. దాన్ని ఈసాన్ అంటారు. ఖోరాత్ పీఠభూమి మీద పరుచుకున్న 20 రాష్ట్రాలు, దేశ జనాభాలో మూడోవంతు. మెకాంగ్ నది అవతల లావోస్. భాష, తిండి రెండూ ఆ వైపువే. వాన నమ్మకంలేని ఎర్రనేల. అక్కడినుంచి జనం తరాల తరబడి బ్యాంకాక్‌కి కూలికి వెళ్లారు, టాక్సీలు తోలారు, మేడలు కట్టారు, తోపుడుబండ్ల మీద తమ వంట అమ్ముకున్నారు. పాలమూరు వలస సంగతి ఎరిగినవాళ్లకు ఈసాన్ కథ వేరే చెప్పక్కర్లేదు. ఆ తోపుడుబండ్ల వంటే ఇవాళ థాయ్‌లాండ్ అంతా ఎగబడి తింటోంది.

కొత్త హోటల్ పెట్టినావిడ ఆ ఈసాన్‌లోని ఉదోన్ థానీ వైపునుంచి వచ్చారట. పచ్చి బొప్పాయిని రోట్లో దంచి చేసే సోమ్ తామ్ చెబితే ఆవిడ అడిగేది ఒక్కటే: "మిరపకాయలు ఎన్ని?" కారం ఎక్కువా తక్కువా అనే మాటే లేదు. కాయల లెక్కే.

ఇక ఆవిడ చేతులు చూడాలి. పచ్చి బొప్పాయిని ఎడమచేత పట్టుకుని, పెద్ద కత్తితో నిలువునా టకటకా గాట్లు పెట్టి పైపొర చెక్కుతారు. సన్నటి పోగులు గిన్నెలోకి రాలతాయి. తురుముపీట మీద తీస్తే ఈ బిగువు రాదు. రోట్లో ముందు వెల్లుల్లి, మిరపకాయలు పడతాయి. తాటిబెల్లం కరిగేదాకా నూరి, బొబ్బర్ల కాయలు, పల్లీలు, ఎండు రొయ్యలు, టమాటా ముక్కలు వేస్తారు. నిమ్మరసం, కాస్త చింతపండు రసం, చేపల సాస్ పోస్తారు. బొప్పాయి పోగులు చివర్న. కుడిచేతిలో రోకలి, ఎడమచేతిలో పొడుగు గరిటె. రోకలిది ఒక పోటు, గరిటెది అడుగునుంచి ఒక తిప్పు. మరీ దంచితే ముద్దయిపోతుంది, దంచకపోతే పులుపు పట్టదు. రోటి పచ్చడి నూరే మన అమ్మమ్మల చేతికి ఎక్కడ ఆపాలో తెలిసినట్టే ఆవిడ చేతికీ తెలుసు. ప్రతి పళ్లేనికీ మళ్లీ మొదటినుంచి దంచాల్సిందే. ముందే కలిపి ఉంచింది ఆ హోటల్లో నాకెప్పుడూ కనిపించలేదు.

మొదటి ముద్దకు పులుపు, వెంటనే తీపి, ఆ వెనక ఉప్పదనం. అవి సద్దుమణిగేలోపు కారం అందుకుంటుంది. పుల్లటి బొప్పాయి పళ్ల కింద కరకరలాడుతుంది.

ఆ పళ్లెంలో ఇంకో అద్భుతం ఉంది. బొప్పాయి, మిరప, టమాటా, వేరుశనగ నాలుగూ అమెరికా ఖండాల్లో పుట్టినవే. కొలంబస్ ప్రయాణాలకు ముందు ఆసియాలో వాటి రుచి తెలిసినవాళ్లు లేరు. 1511లో పోర్చుగీసు రాయబారి అయుత్థయ చేరాడు. ఆ తర్వాతి కాలంలో పోర్చుగీసు, స్పానిష్ ఓడల దారుల్లోనే ఈ గింజలు తూర్పుకు వచ్చాయి. అదే పోర్చుగీసుల వెంట మిరప మన తీరానికీ వచ్చి గుంటూరును గుంటూరు చేసింది. మెకాంగ్ ఒడ్డు పెరళ్లలో మొలిచి, అక్కడి చేపల ఉప్పుతో కలిసి, శతాబ్దాల తర్వాత ఇవన్నీ పుట్టిన ఖండానికే ఈసాన్ వంటగా తిరిగొచ్చాయి. కాలిఫోర్నియాలో ఒక ఇరుకు గదిలో ఆవిడ వాటిని దంచి మన ముందు పెడుతున్నారు. ఇంత ప్రయాణం ఒక పళ్లెంలో ఇమడటం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

సోమ్ తామ్‌కి తోడు జిగురన్నం. రాత్రంతా నానబెట్టిన బియ్యాన్ని నీళ్లలో ఉడికించరు. కోసుగా అల్లిన వెదురు బుట్టలో పోసి ఆవిరి మీద పెడతారు. మూతపెట్టిన చిన్న వెదురు గంపలో వేడివేడిగా వస్తుంది. వేళ్లతో చిన్న ముద్ద తీసి, నొక్కి, రసంలో అద్దుకుని తినాలి. లాబ్ కూడా చెప్పండి. ఖీమాలో నిమ్మరసం, ఎండుకారం, పుదీనా, చిన్న ఉల్లిపాయలు. వాటిమీద దోరగా వేయించి దంచిన బియ్యపు పొడి చల్లుతారు. ఆ పొడి కమ్మదనం లేకపోతే లాబ్ లాబే కాదు. నెలల తరబడి ఊరబెట్టిన చేపల రసం ప్లా రా వేసి దంచిన సోమ్ తామ్ కూడా ఉంది. వాసన గట్టిది. ఎండుచేపల పులుసు ఇష్టంగా తిన్నవాళ్లకు అది కొత్తేమీ కాదు.

జిత్లదాని మించిందా అని అడిగితే, దక్షిణ వంటకు ఇప్పటికీ జిత్లదాకే వెళతాను. పడవ నూడుల్స్‌కి సాప్‌కే. రోట్లో దంచిన సోమ్ తామ్‌కి మాత్రం నాకు తెలిసినంతలో ఈ చిన్న గదే ముందు.

ఈ వైపు వస్తే మధ్యాహ్నం వెళ్లండి. సోమ్ తామ్, జిగురన్నం, బొగ్గులమీద కాల్చిన కోడి చెప్పండి. శాకాహారులైతే ముందే మాట చెబితే చేపల సాస్, రొయ్యలు లేకుండా విడిగా దంచిపెడతారు. మిరపకాయలు మూడుకన్నా తగ్గించకండి. ఫోర్కు పక్కన పెట్టి చేత్తో తినండి, అది అలా తినాల్సిన భోజనమే.