శ్రవణమూ, అనుమానమూ

ఇంటి స్టీరియోకు ఖరీదైన తీగనో, కరెంటును శుద్ధి చేస్తుందనే పెట్టెనో తగిలించిన శ్రోత పాట బాగుపడిందని చెప్పినప్పుడు ఆ మాటలో రెండు జ్ఞానాలు కలిసి ఉంటాయి. పాట ఇంపుగా వినిపించడం ప్రత్యక్షం, అంటే చెవికి నేరుగా అందిన అనుభవం. ఆ ఇంపుకు తీగే కారణమనడం అనుమానం, అంటే తెలిసిన గుర్తును బట్టి తెలియనిదాన్ని నిశ్చయించే తర్కం. మొదటిదాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. రెండవదానికి మొదటిదాని ప్రామాణ్యాన్ని అంటగట్టడం వల్లనే ఇటువంటి తీగల మీది వివాదం ఎడతెగడం లేదు.

న్యాయశాస్త్రాన్ని అన్నంభట్టు తర్కసంగ్రహంతో మొదలుపెట్టే విద్యార్థికి కూడా తెలిసినట్లు, ఇటువంటి అనుమానం నిలవాలంటే అన్వయ వ్యతిరేకాలు కుదరాలి, అంటే కారణమన్నది ఉన్నప్పుడు ఫలితం ఉండాలి, అది లేనప్పుడు ఫలితం ఉండకూడదు. పైగా ఉపాధి, అంటే లోపల దాగి అసలు పని చేసే మరో నిమిత్తం, ఉండరాదు. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందనే వాదం కూలిపోయేది ఇందువల్లనే, ఎందుకంటే పొగకు అసలు నిమిత్తం పచ్చికట్టెలు. తీగ విషయంలో ఇటువంటి ఉపాధులు ఎన్నో ఉన్నాయి: ధర తెలియడం, కొత్త వస్తువని చెవి నిక్కించి వినడం, తల కాస్త కదలడం, అన్నిటికీ మించి ధ్వని తీవ్రత రవ్వంత పెరగడం, ఎందుకంటే ఆ పెంపును చెవి నాణ్యతగానే గ్రహిస్తుంది. 1994లో ధ్వని పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ కొన్ని స్పీకర్లను శ్రోతలకు కనిపించేలా ఒకసారి, తెరచాటున ఒకసారి వినిపించగా, అవే స్పీకర్లకు పడిన మార్కులు మారిపోయాయి. తీగ ప్రభావం స్వల్పమని లెక్క కూడా చెబుతుంది: ఒక చదరపు మిల్లీమీటరు మామూలు రాగితీగను 5 మీటర్ల దూరం లాగితే, రానూపోనూ కలిపి దాని నిరోధం సుమారు 0.17 ఓములు, కనుక 8 ఓముల స్పీకరు దగ్గర తగ్గే ధ్వని 0.2 డెసిబెల్ లోపే.

శబ్దం విషయంలో ఇంతటి కాఠిన్యం కోనసీమకు కొత్త కాదు. పరిశోధకుడు డేవిడ్ నైప్ 2015లో వెలువరించిన గ్రంథానికి ఆధారమైన ఇక్కడి తైత్తిరీయ వేదపండితుల సంప్రదాయంలో, వ్యాఘ్రేశ్వరం వంటి ఊళ్లలో, బాగా వినిపించిందన్న తృప్తి ఏనాడూ ప్రమాణం కాలేదు. వేదాన్ని వల్లించే ఘనపాఠంలో రెండు పదాలను ముందుకు, వెనక్కు తిప్పి, మూడవదాన్ని చేర్చి మళ్లీ తిప్పి చెబుతారు గనుక, సంధిలోనో స్వరంలోనో దోషముంటే అది ఏదో ఒక వరుసలో బయటపడక తప్పదు. శబ్దాన్ని దైవంగా కొలిచినవారే దానికి ఇంత పరీక్ష పెట్టారంటే, పరీక్షను రసికతకు శత్రువుగా చూడడం ఎంత పొరపాటో తెలుస్తుంది.

ఆనందమే ఫలమైనప్పుడు కారణంతో పనేమిటనే ఆక్షేపణ బలమైనదే. అయితే అమ్మేవాడు సొమ్ము తీసుకునేది తీగ గుణానికి. ఆనందమేమో విన్నవాడి మనస్సు నుంచి వచ్చింది. ఆ సొమ్ముతో చేయదగిన పనులు వేరే ఉన్నాయి: కోనసీమ ఉప్పుగాలికి, తేమకు నల్లబడిన పిన్నులను తుడవడం, స్పీకర్లను గోడకు దూరం జరపడం, గచ్చునేల మీద మందపాటి తివాచీ పరచి మారుమోతను తగ్గించడం. గదిలో వచ్చే ఈ మార్పు కళ్లు మూసుకుని విన్నవారికీ తెలుస్తుంది.