నుదుటి ముడి

"ఆమెకేం తెలీదమ్మా, మీరు కంగారు పడకండి." పుండు కడుగుతూ నర్సు అన్న మాట ఇది. మెదడులో రక్తనాళం చిట్లి మా పెద్దమ్మ నాలుగు నెలలుగా మంచంలోనే ఉంది. కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, ఎవరినీ చూడదు. నడుం దగ్గర పడ్డ పుండుకి కట్టు మార్చేటప్పుడు మాత్రం నుదురు ముడిపడింది. రిఫ్లెక్స్ అన్నారు. కావచ్చు. నొప్పి మందు ఇవ్వమంటే అంత ఆశ్చర్యం ఎందుకు?

తర్వాత కూర్చుని చదివాను. 2002లో బెల్జియంలో స్టీవెన్ లారేస్ బృందం వెజిటేటివ్ స్థితిలో ఉన్నవారి చేతి నరానికి కరెంటు తాకించి మెదడుని స్కాన్ చేసింది. నొప్పి కబురు వాకిలి దాకా వచ్చింది, లోపలి గదులకి చేరలేదు. 2008లో కొద్దిపాటి స్పృహ మిగిలినవారిని చూస్తే, వాళ్ళ మెదడు దాదాపు మనలాగే స్పందించింది. మరి ఎవరు ఏ స్థితిలో ఉన్నారో చెప్పేదెలా? 2009 నాటి ఒక అధ్యయనంలో వెజిటేటివ్ అని వైద్యులు తేల్చిన 44 మందిలో 18 మందికి, జాగ్రత్తగా పరీక్షిస్తే, స్పృహ జాడలు కనిపించాయి.

కదలికకి, మూలుగుకి, ముఖకవళికకి మార్కులు వేసే కొలబద్ద కూడా 2010లో వచ్చింది. నలుగురిని కన్నప్పుడు "అరవకు" అని తిట్లు తిన్న మనిషి మా పెద్దమ్మ. స్పృహ లేకపోయినా నొప్పి దాచుకుంటోందని నేననను. నా గొడవంతా వినేవాళ్ళ చెవులతోనే.

అరుణా షాన్‌బాగ్ గుర్తొస్తుంది. 1973 నవంబరులో ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సుగా ఉన్న ఆమె మెడకి కుక్క గొలుసు బిగించి, అక్కడి స్వీపరు లైంగికదాడి చేశాడు. కేసు నమోదైంది హత్యాయత్నానికీ దోపిడీకీ. లైంగికదాడి కేసులోకే ఎక్కలేదు. నమోదు కాని నొప్పి అక్కడే మొదలైంది. 2015లో చనిపోయేదాకా తోటి నర్సులే చూసుకున్నారు. ఆమెకి చేపలిష్టమని ఆస్పత్రి వాళ్ళు సుప్రీంకోర్టుకి చెప్పారు. అన్నేళ్ళ మంచంలో ఒక్క పుండు పడలేదని 2011 తీర్పులో ఉంది. ఆమెకి తెలుస్తుందని ఎవరూ రుజువు చేయలేదు. ఆ నర్సులు రుజువు కోసం ఆగనూ లేదు.

మందు మత్తెక్కించి ఉన్న కాస్త స్పృహనీ కప్పేస్తుందేమోనన్న డాక్టరు భయం ఉత్తిది కాదు. అయితే అది ఏ మందు, ఎంత అన్న ప్రశ్న. నొప్పే లేదనడానికి అది జవాబెలా అవుతుంది?

రెండ్రోజులు వాదించాక, కట్టు మార్చే అరగంట ముందు ట్యూబులో పారాసెటమాల్ వేయమని చీటీ రాశారు. ఆ వేళకి నేనక్కడ లేకపోతే అక్కకి ఫోన్ చేసి అడుగుతాను, నుదురు చూశావా అని.