లెక్క యడుగు నధికారము

ఒకనిని లెక్క యడుగుట లోకములో మిక్కిలి సులభమైన పని; అడుగుటకు దగిన యర్హత సంపాదించుట మిక్కిలి కష్టమైన పని. తండ్రి కొడుకును, యజమానుడు పనివానిని, సంఘము వ్యక్తిని నిత్యము లెక్క యడుగుచునే యుందురు. "నీ వెట్లు జీవించుచున్నావు? నీవు చెప్పునది సత్యమేనా?" యను ప్రశ్నను తోడి మనుష్యుని ముందుంచుటకు మనకు హక్కు ఎక్కడినుండి వచ్చినది? ఈ విషయమును విచారింపగోరి మేము రెండు దృష్టాంతములను దగ్గఱకు జేర్చుచున్నాము. ఒకటి చిత్తూరు చెంతనున్న కాణిపాకము. రెండవది మెథడిస్టు క్రైస్తవుల సంఘజీవనము. ఈ రెంటికి మతములో పోలిక లేదు. కాని రెండును ఒకే ప్రశ్నకు చెప్పిన రెండు సమాధానములు.

కాణిపాకములోని వరసిద్ధి వినాయకుని సన్నిధి సత్యప్రమాణములకు పేరు పొందినది. అప్పు తీర్చితినని యొకడు, తీర్పలేదని యొకడు వాదులాడి, పెద్దల మాటతో తగవు తెగనప్పుడు "కాణిపాకములో ప్రమాణము చేయుదువా?" యని యడుగుట ఈ సీమలో వాడుక. నేటి రాజకీయ నాయకులు సైతము ఒకరినొకరు ఆ సన్నిధికి రమ్మని సవాలు చేసికొనుచుండుట పత్రికలు చదువువారెల్ల ఎఱిగినదే. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట తగదు. న్యాయస్థానమునకు పోవ శక్తి లేని పేదవానికి ఇది ఖర్చు లేని న్యాయస్థానము. సాక్షి లేని చోట మనస్సాక్షిని సాక్షిగా నిలుపు నుపాయము. ఐనను దీనియందు రెండు కొఱతలు గలవు. తగవు పుట్టిన పిమ్మట గాని ప్రమాణము పుట్టదు. అంతవఱకు ఎవడెట్లు జీవించినను అడుగువారు లేరు. మఱియు ప్రమాణము చేయించువాడు తాను ఏ బరువును మోయడు. ఎదుటివాని నాలుక వణకెనా లేదా యని చూచి యింటికి పోవును.

ఆ యూరి చెంత ప్రవహించు బాహుదానదికి ఒక పురాణగాథ గలదు. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. అన్న యాశ్రమములోని ఫలమును తమ్ముడు అడుగకుండ తినెను. "ఈ పండు నీకెక్కడిది?" అని అన్న ప్రశ్నించెను. అడుగక తీసికొనుట చౌర్యమని చెప్పి, రాజునొద్దకు పోయి దండన పొందుమని పంపెను. రాజు లిఖితుని చేతులు ఖండింపించెను; అన్న యాజ్ఞచొప్పున నదిలో మునుగగా చేతులు మరల మొలచెను. బాహువుల నిచ్చినది గనుక బాహుద యైనది. భారతములోను గల యీ కథను రాజదండన మహిమకు నిదర్శనముగా చెప్పుట వాడుక. మాకు మాత్రము అందులోని ముఖ్యాంశము అన్న యడిగిన ప్రశ్నయే. అది తగవు కాకమునుపే తోబుట్టువు అడిగిన ప్రశ్న. ఒక్క పండును గూర్చిన చిన్న ప్రశ్న. ప్రమాణముకంటె నిది మేలు. కాని యిచ్చటను చేతులు పోయినది తమ్మునికి మాత్రమే. అన్న ధర్మము చెప్పెను. ధర్మమునకైన వ్యయమును పంచుకొనలేదు.

ఇక రెండవ దృష్టాంతము. ఆక్స్‌ఫర్డు విద్యాలయమున జాన్ వెస్లీయు (1703-1791) నతని మిత్రులును వేళ తప్పక ప్రార్థించుచు, చెఱసాలలోని వారిని దర్శించుచు నుండగా, తోడి విద్యార్థులు వారిని పరిహసించి పెట్టిన పేరు 'మెథడిస్టు' అనునది; 'నియమస్థులు' అని మనము చెప్పుకొనవచ్చును. 1742లో బ్రిస్టలు నగరమున తమ ప్రార్థనామందిరపు ఋణమును తీర్చు నుపాయమును గూర్చి వారు సమావేశమైరి. మనిషికి వారమున కొక పెన్నీ చొప్పున ఇత్తమని యొకరు సూచింపగా, బీదలు అంతమాత్రమును ఈయజాలరని ఆక్షేపణ వచ్చెను. అంతట ఫోయ్ అను కెప్టెను లేచి, మిక్కిలి బీదలైన పదునొకండుగురిని తనకు అప్పగింపుడనియు, వారమువారము వారి యిండ్లకు పోయి యిచ్చినది పుచ్చుకొందుననియు, ఈయలేనివారి పాలు తానే చెల్లింతుననియు చెప్పెను. తక్కినవారును ఆ పద్ధతినే యవలంబించిరి. పెన్నీకొఱకు ఇంటింటికి పోయినవారికి ఆ యిండ్లలోని కష్టములు, కలహములు, త్రాగుడు, రోగము కంటబడెను. దీనినుండి పండ్రెండేసిమంది గల 'క్లాసు' అను చిన్న కూటము లేర్పడి, "నీ యాత్మ యెట్లున్నది?" యని ఒకరినొకరు అడుగు నాచారము స్థిరపడెను. ఇచ్చట క్రమమును గమనింపవలయును. ఈయలేనివాని ఋణమును తాను తీర్చుట మొదట. ఆత్మను గూర్చిన ప్రశ్న తరువాత.

చిత్తూరు ప్రాంతపు ప్రాత క్రైస్తవసంఘములు మెథడిస్టులవి కావు. అవి అమెరికా రిఫార్మ్‌డు సంఘమువారి ఆర్కాటు మిషనునుండి పుట్టినవి. మెథడిస్టులు తెలుగునాట ముఖ్యముగా నాటి నైజాం రాజ్యమున పాటుపడిరి: మెదకు ప్రాంతమున ఇంగ్లీషు వెస్లియనులు, వికారాబాదు, జహీరాబాదు వైపున అమెరికనులు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు మెదకు సంఘములును చిత్తూరు సంఘములును ఒక కుటుంబములోనివయ్యెను. అమెరికను మెథడిస్టులు వేఱుగానే నిలిచిరి. కనుక నేడు చిన్న పట్టణములలోని సంఘముల నెలవారి జీవనము ఎక్కడ చూచినను ఇంచుమించుగా ఒకే తీరున నుండును. నెలకొక ఆదివారము సంస్కారము, స్త్రీల సమాజపు కూటము, వంటకు బియ్యము కొలుచునప్పుడు తీసియుంచిన గుప్పెడు బియ్యమును తెచ్చి యర్పించుట, రోగుల యిండ్లలో ప్రార్థన, చందాపట్టీ చదువుట, పల్లెలకు పోయి వాక్యము చెప్పుట. కాణిపాకములోను మాసమాసము సంకష్టహర చతుర్థి వ్రతము నడుచుచున్నది గదా! మనుష్యహృదయము ఏడాది కొక్కమాఱు వచ్చు తిరునాళ్లతో తృప్తిపడునది కాదు. దానికి నెలనెల గుర్తుచేయు గంట కావలయును.

కాని నియమము తానుగా ధర్మము కాదు. క్లాసు కూటములకు మూడు నెలల కొకమాఱు టిక్కెట్లిచ్చు నాచార ముండెడిది. ప్రేమ చల్లారిన చోట టిక్కెట్టును చందాయును మిగిలి, ప్రశ్న మాయమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులోనే యా కూటములు క్షీణించెను. మన సంఘములలోను చందా బాకీపడినవాని పేరు చదువుటకు గొంతు లేచుచున్నది. అతడు బాకీపడుటకు కారణ మడుగుటకు కాళ్లు కదలుట లేదు. గుప్పెడు బియ్యము తెచ్చిన ముసలమ్మ యింట ఆ పూట పొయ్యి వెలిగెనా యని విచారింపని సంఘము, బియ్యమును కొలిచినది గాని మనిషిని కొలువలేదు.

పరోపకారమునకును ఇదే గీటురాయి. మెదకులో చార్లెస్ వాకర్ పాస్నెట్టు కఱవుకాలమున ఆకలిగొన్నవారికి పని కల్పించి, కూలిగా అన్నము పెట్టి మహాదేవాలయమును గట్టించెను. 1914లో ఆరంభమైన యా పని ముగిసి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగెను. అన్నము చూపి మతము మార్చిరను నిందయు, ఆకలికి మతము లేదను సమర్థనయు నాటినుండి నేటివఱకు వినబడుచునే యున్నవి. సేవను మతాంతరీకరణమునకు సాధనముగా చేయరాదని గాంధి మహాత్ముడు 1930 ప్రాంతములలో పలుమాఱు వ్రాసెను. ఆ యాక్షేపణ న్యాయమైనదే. అన్నము పెట్టినవాడు "నా గుడికి వత్తువా?" యని యడిగి, రానన్నవాని విస్తరి తీసివేసినచో నది సేవ కాదు, బేరము. రానన్నవాని విస్తరిలో మఱునాడును అన్నము పడినచో, అటువంటివాడు ఆత్మను గూర్చి యడిగినను తప్పులేదు. అంటరానివారని తమ గడప నెవ్వరు త్రొక్కని కాలమున, లోపలికి వచ్చి చాపమీద గూర్చుండి క్షేమమడిగినవానిని మాలమాదిగలు నమ్ముటలో నాశ్చర్య మేమున్నది? అన్నముకంటె నా కూర్చుండుటయే వారిని గెలిచినదని మా యభిప్రాయము.

ఇప్పుడు మనయెదుట నున్న కఠినమైన ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులములను హిందువులకే పరిమితము చేసెను, 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్పబడిరి, క్రైస్తవులు చేర్పబడలేదు. ఆంధ్రప్రదేశములో అట్టి క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో 'సి' వర్గమై, ఒక శాతము ప్రత్యేకతకు మాత్రమే పాత్రులైరి. ఇందువలన పత్రములలో ఒక మతమును, ఆదివారమున మఱియొక మతమును గల కుటుంబములు మన యూళ్ల నున్నవి. ఊరివారు "ప్రమాణము చేయుము" అందురు. పాదిరి "బహిరంగముగా నొప్పుకొనుము" అనును. అసత్యమును మేము సమర్థింపము. రెండు పేర్లతో బ్రతుకువానికి లోపల నొక గాయము మానక యుండును. కాని అతడు సత్యము చెప్పిననాడు అతని బిడ్డ చదువు పోవును. అడిగినవారి బిడ్డల చదువు పోదు. లిఖితుని చేతులవలె నిచ్చటను నష్టము ఒక్కనిదే. సత్యమును కోరు సంఘము, ఆ సత్యమువలన పోవు చదువునకు తన చందాలోనుండి వెల కట్టుటకు సిద్ధపడెనా? ప్రమాణము కోరు పొరుగువాడు, అతనిని కులముచేత హీనునిగా చూచుట మానెనా? ఈ రెంటికి "ఔను" అనలేని నోటికి ఆ ప్రశ్న తగదు.

కనుక మా సిద్ధాంతము సంగ్రహముగ నిది. ప్రమాణము భయముచేత సత్యమును రాబట్టును. అది తగవులు తీర్చుటకు చాలును. నియమము అలవాటుచేత సత్యమును కాపాడును. అది బ్రతుకు నడుచుటకు చాలును. కాని మనిషి తన గుట్టును మనసారా విప్పుట భయమువలనను గాదు, అలవాటువలనను గాదు. తన యప్పులో పాలు పంచుకొన్నవాని యెదుట మాత్రమే. గుడి యైనను, చర్చి యైనను, సంస్కరణ సభ యైనను, ఒకనిని లెక్క యడుగబోవునప్పుడు ముందుగా తన సంచి విప్పవలయును. సంచి విప్పని చేయి ప్రశ్నకొఱకు చాపబడినచో, అది సోదరుని చేయి కాదు, బంట్రోతు చేయి.