ఉచిత విశ్రాంతికి ఖరీదు ఎంత?

మొన్న ఒక ఇంట్లో జపమాల ప్రార్థన ముగిశాక ఆ ఇంటి యజమాని నన్ను వాకిట్లోకి పిలిచాడు. చెప్పులు వేసుకుంటూ ఉండగా మెల్లగా, "అన్నగారూ, ఒక సందేహం. ఫాదరుగారిని అడగాలంటే సిగ్గుగా ఉంది. మీరు నవ్వకూడదు" అన్నాడు.

అతను ఆసుపత్రి పరికరాలు అమ్మే ఒక కంపెనీలో పనిచేస్తాడు. నెలలో సగం రోజులు చెన్నైలోనో, ముంబైలోనో, పూణేలోనో ఉంటాడు. హోటలు ఖర్చు కంపెనీది. బస చేసిన ప్రతిసారీ ఆ హోటలు సంస్థ అతని పేరు మీద కొన్ని పాయింట్లు జమ చేస్తుంది. ఆరేళ్ళుగా అలా పోగైన పాయింట్లతో ఇప్పుడు గోవాలో సముద్రపు ఒడ్డున ఒక రిసార్టులో భార్యాబిడ్డలతో నాలుగు రాత్రులు గడపవచ్చు. గదికి రూపాయి కట్టనక్కరలేదు. కాని ఇంట్లో తల్లి పక్షవాతంతో మంచం పట్టి మూడేళ్ళయింది. వాళ్ళ పేటలోనే పిల్లల ఫీజులు కట్టలేక అప్పులు చేస్తున్న కుటుంబాలున్నాయి. "ఇవన్నీ కళ్ళ ముందు పెట్టుకుని నేను వెళ్ళి రిసార్టులో పడుకుంటే తప్పా? డబ్బు కాదు కదా, ఊరికే వచ్చినవే కదా" అని అతని ప్రశ్న.

నేను నవ్వలేదు. మన పెద్దలకు ఇలాంటి ప్రశ్న రాలేదు. వాళ్ళకు ఊరు కదలడమంటే ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వెళ్ళి, కొండ కింద దుప్పటి పరచుకుని పడుకుని, మరియతల్లిని దర్శించుకుని రావడమే. ప్రశ్న కొత్తదైనా దానిని తూచే త్రాసు మాత్రం మన శ్రీసభలో పాతదే. ఆ త్రాసులో వేసి చూద్దాం.

మొదట, ఈ పాయింట్లు నిజంగా ఊరికే వచ్చినవా? ఈ పద్ధతి పుట్టుక చూస్తే సంగతి తెలుస్తుంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తరచుగా ప్రయాణించేవారికి మైళ్ళ లెక్కన బహుమానం ఇవ్వడం మొదలుపెట్టింది. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే దారి పట్టాయి. దీనిలో దానధర్మం ఏమీ లేదు. ఒకసారి వచ్చిన అతిథి మళ్ళీ తమ దగ్గరకే రావాలన్నది వ్యాపార సూత్రం. ఆ ఖర్చు కోసం గొలుసులోని హోటళ్ళు రుసుము కడతాయి. అది చివరికి గది అద్దెలోనే కలుస్తుంది. అంటే ఆ పాయింట్ల ఖరీదును ఎవరో ఒకరు ముందే చెల్లించారు. మన సహోదరుడి విషయంలో చెల్లించింది అతని కంపెనీ.

కనుక రెండవ ప్రశ్న: ఇవి ఎవరివి? శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2409వ పేరాలో, ఒక సంస్థకు చెందిన ఉమ్మడి సొత్తును సొంతానికి వాడుకోవడం ఏడవ ఆజ్ఞకు విరుద్ధమని చెబుతుంది. మరి పాయింట్లు సంస్థ సొత్తా, ఉద్యోగి సొత్తా? దీనికి అన్నిచోట్లా ఒకే జవాబు లేదు. మన కేంద్ర ప్రభుత్వం 2017 జూలైలో ఇచ్చిన ప్రయాణభత్యం ఉత్తర్వుల ప్రకారం అధికార విమాన ప్రయాణాల్లో వచ్చిన మైలేజీ పాయింట్లను శాఖ మళ్ళీ అధికార ప్రయాణాలకే వాడాలి. సొంతానికి వాడుకున్న అధికారిపై శాఖాపరమైన చర్య ఉంటుంది. అమెరికా ప్రభుత్వం దీనికి భిన్నంగా 2001 చివరిలో చేసిన చట్టంతో తన ఉద్యోగులు వాటిని సొంతానికి ఉంచుకోవచ్చని అనుమతించింది. జర్మనీలో పార్లమెంటు సభ్యుడిగా అధికార ప్రయాణాల్లో సంపాదించిన మైళ్ళను సొంత ప్రయాణానికి వాడుకున్న గ్రెగోర్ గీజీ, 2002లో ఆ సంగతి బయటపడ్డాక బెర్లిన్ నగర ప్రభుత్వంలో తన మంత్రి పదవికి రాజీనామా చేశాడు. ఒకచోట నేరమైనది మరొకచోట హక్కు. అందువల్ల ఊహించుకోకుండా ఖర్చు పెట్టినవారిని అడగాలి. అనుమతి ఉంటే ఆ పాయింట్లు జీతంలో భాగం లాంటివే. లేకపోతే అవి మనవి కావు.

ఈ మాట చెప్పగానే అతని ముఖం కొంచెం మారింది. "అడిగానన్నా, ఉంచుకోమనే రాసి ఇచ్చారు. కాని ఇంకొకటి ఉంది" అన్నాడు. రెండు మూడుసార్లు ఆసుపత్రికి దగ్గరలో చవక హోటలు దొరికినా, పాయింట్లు వస్తాయని దూరంగా ఉన్న ఖరీదైన హోటల్లో దిగాడట. అనుమతించిన పరిమితి లోపలే కనుక ఎవరూ అడగలేదు. చూశారా, అతనిని అసలు గుచ్చుతున్న ముల్లు ఇది. రిసార్టుకు వెళ్ళడం తప్పా అని అడిగినవాడికి లోపల బాధ మరొకచోట ఉంది. మనలో చాలామందికి ఇంతే. పెద్ద ప్రశ్న వెనుక ఒక చిన్న ప్రశ్న దాక్కుని ఉంటుంది. యజమాని డబ్బుతో మన సంచి నింపుకోవడానికి దారి మళ్ళించడం, అది ఎంత చిన్న మొత్తమైనా, నమ్మకద్రోహమే. పాపసంకీర్తనంలో చెప్పి ఊరుకుంటే సరిపోదు, తీసుకున్నది తిరిగి ఇవ్వాలన్నది శ్రీసభ బోధ. జక్కయ్య అలాగే చేశాడు.

ఇక మూడవ ప్రశ్న: న్యాయంగా మనవే అయిన పాయింట్లను విశ్రాంతికి, వినోదానికి వాడుకోవచ్చా? పేదలుండగా ఇది తగునా?

ఈ ప్రశ్నను తేలికగా తీసిపారేయకూడదు. నాలుగవ శతాబ్దంలో పునీత బాసిల్ ధనికులను హెచ్చరిస్తూ, వాడకుండా పెట్టెలో దాచిన వస్త్రం వస్త్రం లేనివాడిదేనని బోధించాడు. అయితే బేతనియలో జరిగినది కూడా మరచిపోరాదు. మరియ విలువైన పరిమళ తైలంతో ప్రభువు పాదాలను అభిషేకించినప్పుడు, దీనిని 300 దీనారాలకు అమ్మి పేదలకు ఇవ్వవచ్చు కదా అని యూదా ఇస్కారియోతు గొణిగాడు. అది పేదల మీద ప్రేమతో అన్న మాట కాదని యోహాను స్పష్టంగా చెప్పాడు. పేదల పేరు చెప్పి ఎదుటివారి సంతోషానికి అడ్డుపడటం ఒక్కోసారి సులభం, ఎందుకంటే దానివల్ల మన జేబులోనుంచి ఏమీ పోదు.

పైగా ఇక్కడ ఒక చిక్కు ఉంది. తైలాన్ని అమ్మవచ్చు గాని, పాయింట్లను సభ్యుడు అమ్ముకోవడానికి ఆ సంస్థలు ఒప్పుకోవు. వాటితో బియ్యం కొనలేము, ఫీజు కట్టలేము. కొన్ని సంస్థలు ధర్మకార్యాలకు ఇచ్చే వీలు కల్పిస్తాయి, అది మంచిదే. కాని మన సహోదరుడు వాటిని వాడకుండా ఉంచితే పేటలోని ఏ పిల్లవాడి ఫీజూ తీరదు. గోవాకు వెళ్ళడానికి రైలు టికెట్లు, అక్కడ భోజనాలు, పిల్లల సరదాలు, ఇవన్నీ అసలు రూపాయలు. రిసార్టులో భోజనం ధర మన ఊరి హోటలు ధర కాదు. ఉచితమైన గది చాలాసార్లు ఉచితం కాని నాలుగు ఖర్చులను వెంటబెట్టుకుని వస్తుంది. పేదల గురించి ఆలోచించవలసినది అక్కడ.

దాచుకుంటూ పోవడం సంగతీ చూద్దాం. "ఇంకో రెండేళ్ళు ఆగితే ఇంకా పెద్ద రిసార్టుకు పోవచ్చు" అని కూడా అతను అన్నాడు. లూకా సువిశేషంలోని ధనవంతుడు పాత గిడ్డంగులు కూల్చి పెద్దవి కట్టాలనుకున్నాడు, ఆ రాత్రే ప్రాణం పోయింది. ఎడారిలో ఇశ్రాయేలు ప్రజలు మరునాటికి దాచుకున్న మన్నా పురుగులు పట్టింది. పాయింట్లకూ ఆ గుణం ఉంది. ఉదాహరణకు మారియట్ సంస్థ ఖాతాలో వరుసగా 24 నెలలు ఏ లావాదేవీ లేకపోతే పాయింట్లు రద్దవుతాయి. 2022 నుంచి ఆ సంస్థలో ఫలానా హోటలుకు ఇన్ని పాయింట్లు అనే స్థిరమైన పట్టిక లేదు, గిరాకీని బట్టి మారుతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు ఉంటుంది వ్యవహారం.

అయితే విశ్రాంతి అవసరమా? ప్రేషితులు తినడానికైనా తీరిక లేక అలసిపోయినప్పుడు ప్రభువు వారిని ఏకాంత స్థలానికి వచ్చి కొంత విశ్రమించమన్నాడని మార్కు 6వ అధ్యాయంలో ఉంది. ఎప్పుడూ ఎక్కుపెట్టి ఉంచిన విల్లు విరిగిపోతుందని పునీత యోహాను చెప్పినట్టు ఒక పాత కథ ఉంది. దానిని పునీత థామస్ అక్వినాస్ తన మహా గ్రంథంలో ఉదహరించి, మనస్సుకు విశ్రాంతినిచ్చే ఆటపాటలలో కూడా ఒక సద్గుణం ఉందని, అయితే దానికీ మితం ఉండాలని వివరించాడు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం నాకు మరీ ఇష్టం. దేవుని ప్రజలు పంటలో పదవ వంతు పక్కన పెట్టి, దూరమైతే దానిని వెండిగా మార్చి, దేవుడు ఎన్నుకున్న స్థలానికి వెళ్ళి, మనసుకు నచ్చినది కొనుక్కుని ఇంటిల్లిపాదీ ఆయన సన్నిధిలో తిని సంతోషించాలి. ఇది సాక్షాత్తూ దేవుని ఆజ్ఞ! ఆ వెంటనే మరొక మాట ఉంది. సొంత భాగం లేని లేవీయుణ్ణి మాత్రం మరువరాదు. దేవునికి మన సంతోషం మీద కోపం లేదు. ఆ సంతోషంలో భాగం లేకుండా ఎవరు మిగిలిపోయారన్నదే ఆయన చూస్తాడు.

అప్పుడు నేను అతన్ని ఒకటే అడిగాను. "తమ్ముడూ, ఈ పాయింట్లు ఎలా వచ్చాయి?"

"హోటల్లో ఉన్న రాత్రులకు."

"ఆ రాత్రులు అమ్మను ఎవరు చూసుకున్నారు?"

అతను మాట్లాడలేదు. లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. ఆ పాయింట్లన్నీ అతను ఇంట్లో లేని రాత్రుల లెక్క. ఆ రాత్రులు అత్తగారిని పక్కకు తిప్పి పడుకోబెట్టినది, దుప్పట్లు మార్చినది, పిల్లల చేత పాఠాలు చదివించినది ఆ ఇల్లాలు. హోటలువారి పుస్తకంలో ఆమె పేరు లేదు. కాని సంపాదనలో సగానికి పైగా ఆమెదే. "వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగావు. ఆమెను అడిగావా?" అన్నాను. వెళ్దామని తానే నిర్ణయించి చెప్పాడట. ఆమె ఏమీ అనలేదట. మన ఇళ్ళల్లో ఏమీ అనకపోవడాన్ని ఒప్పుకోవడంగా లెక్కేసుకోవడం మగవాళ్ళకు అలవాటు.

నెల తరువాత గుడి దగ్గర మళ్ళీ కలిశాడు. ఖరీదైన హోటళ్ళ సంగతి కంపెనీ లెక్కల విభాగంలో తానే చెప్పుకున్నాడట. పై అధికారి వింతగా చూశాడు, రెండు కటువు మాటలు కూడా అన్నాడు. ఆ తేడా సొమ్ము తరువాతి ప్రయాణ బిల్లులో తగ్గించుకున్నారు. ఇంతకూ ఇల్లాలు ఏమందని అడిగాను. "నాలుగు రాత్రులూ, గోవా వద్దంది. దగ్గర్లో ఎక్కడైనా రెండు రాత్రులు చాలంది. సముద్రం చూడకపోయినా ఫరవాలేదు, తెల్లవార్లూ ఎవరూ పిలవకుండా నిద్రపోవాలంది" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతు సరిగా లేదు.

ఆ రెండు రాత్రులూ తల్లి దగ్గర అతని చెల్లెలు ఉంటుంది. మిగిలిన పాయింట్లతో తరువాత ఆ చెల్లెలి కుటుంబానికి గది తీసి ఇవ్వాలని భార్యాభర్తలు అనుకున్నారు. ఇతరుల పేర గది తీయవచ్చో లేదో నిబంధనలు కనుక్కుంటున్నాడు. ప్రయాణం మీద పెట్టే ఖర్చుకు సమానంగా కొంత సొమ్ము పేటలోని ఒక పిల్లవాడి ఫీజుకు ఎవరికీ తెలియకుండా కట్టమని విన్సెంట్ డి పాల్ సభవారి చేతిలో పెట్టారు. శనివారం బయలుదేరుతున్నారు గనుక ఆదివారం పూజ ఎక్కడ, ఎన్ని గంటలకో ముందే తెలుసుకున్నారు. సెలవులకు వెళ్ళినా ప్రభువు దినానికి సెలవు లేదు కదా.

మీ ఇంట్లో ఇలాంటి పాయింట్లు లేకపోవచ్చు. బోనసు ఉండవచ్చు, చీటీ డబ్బు ఉండవచ్చు, గల్ఫు నుంచి కొడుకు పంపినది ఉండవచ్చు. ఊరికే వచ్చిందనిపించే ప్రతిదానినీ చేతిలోకి తీసుకునే ముందు మూడు మాటలు అడుగుదాం. ఇది న్యాయంగా నాదేనా? దీనిని సంపాదించడంలో ఎవరి నిద్ర పోయింది? ఈ సంతోషంలో భాగం లేకుండా ఎవరు మిగిలిపోతున్నారు? ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పుకున్నవాడు సముద్రపు ఒడ్డున పడుకున్నా, తన ఇంటి అరుగు మీద పడుకున్నా, దేవుడిచ్చిన విశ్రాంతిలోనే పడుకుంటాడు.