పాత కార్డు వాసన

నవనందుల నడుమ నున్న నంద్యాలకు 40 కిలోమీటర్ల దూరమున, కడపకు పోవు బాటలోని ఆళ్లగడ్డయందు, నల్లరాతిని విగ్రహముగా మలచుటయే కులవృత్తిగా గల మా మామగారి శిల్పశాలలో, నమూనాలు గీయుటకై నేను నిలిపిన లినక్సు కంప్యూటరు ఒకటి కలదు. అందలి ఎన్విడియా గ్రాఫిక్సు కార్డును తీసి ఏఎండీ వారి రేడియాన్ కార్డును బిగించి (కారణము ధరయే గాని సిద్ధాంతము గాదు) మీట నొక్కగా, తెర యంతయు నల్లబడి, పైన ఎడమ మూలను ఒక తెల్లని గీత మాత్రము మినుకుమినుకు మనుచుండెను.

"కార్డు చెడినదా అబ్బీ?" అని మామ రాతిపొడి దులుపుకొనుచు నడిగెను.

"లేదు మామా. పాత కార్డును నడపు డ్రైవరును ముందుగా తీసివేయుట మఱచితిని, తప్పు నాదే."

"కొత్త డ్రైవరు వేయరాదా?"

"వేయ నక్కఱలేదు. ఏఎండీజీపీయు అను డ్రైవరు 2015 నుండి లినక్సు కెర్నెల్‌లోనే యున్నది. కాని, ఎన్విడియా డ్రైవరుతోనే తెర తెరువవలెనని నేను పూర్వము, తెరను నడపు ఎక్స్‌ఆర్గ్ ఫైలులో వ్రాయించిన ఆజ్ఞ ఇంకను చెరగలేదు. ఆ డ్రైవరు వచ్చి, తన కార్డును వెదకి, కానక మరలిపోవుచున్నది. లాగ్ చూడుము: 'నో స్క్రీన్స్ ఫౌండ్'."

"తెర యెదుట నుండగా తెర లేదనుచున్నదా! దేహము పోయినను వాసన పోలేదన్నమాట."

నేను కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి, అక్షరములు మాత్రమే కనిపించు తెరకు పోయి, పాత డ్రైవరు ప్యాకేజీలను, ఆ ఫైలును తొలగించితిని. అంతటితో తీరదు. యంత్రము మేలుకొనునపుడు కెర్నెల్‌తో కూడ మెమరీలోని కెక్కు ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అను చిన్న మూటలో పాత ప్రతులు మిగిలి యుండవచ్చును. కావున ఆ మూటను మరల కట్టితిని.

అది కట్టుకొనునంతలో మామ, "రెండిటిలో ఏది గొప్ప?" అనెను.

"గొప్ప మాట యటుంచుము. ఎన్విడియా డ్రైవరు చిరకాలము మూసిన పెట్టె. అది కార్డుతో ఏయే అంకెలు పలుకుచున్నదో పొంచి చూచి, లోపలి మర్మమును ఊహించి, నూవో అను డ్రైవరును కొందఱు వ్రాసిరి. 2012లో ఫిన్లండున లినక్సు కర్త లైనస్ టోర్వాల్డ్స్ సభాముఖముననే ఆ సంస్థను దూషించెను. 2022 మే నెలలో వారు కెర్నెల్ భాగమును మాత్రము బయట పెట్టిరి."

"మూసినవాడు దొంగ యని నేననను. విగ్రహమునకు నవతాళపు కొలత శిల్పగ్రంథములో నున్నది, ఎవడైనను చదువుకొనవచ్చును. రాతిని తట్టి, ఆ మ్రోత విని, ఉలి ఎంత వాలుగా పట్టవలెనో మా తాత ఎవరికిని చెప్పలేదు. నేనును నీ నూవో వారి వలెనే, పొంచి చూచి నేర్చుకొంటిని."

"ఆయన చెప్పియుండిన?"

మామ వెంటనే పలుకలేదు. ఎదుట ముఖము మలచియు కన్ను తెరువని నంది యుండెను. దాని మూపు మీద అరచేయి యుంచి, "చెప్పియుండిన పదేండ్లు మిగిలెడివి" అనెను.

తెర వెలిగినది. ఎల్ఎస్‌పీసీఐ అను ఆజ్ఞతో అడిగి చూడగా, వాడుకలోని డ్రైవరు ఏఎండీజీపీయు అని వచ్చెను.

"ఇది పూర్తిగా తెఱచినదేనా?"

"డ్రైవరు తెఱచినదే. కార్డులోని కెక్కు ఫర్మ్‌వేరు మాత్రము మూసిన ముద్దయే, మనకు చదువరాదు."

"అయితే దీని యింటను ఒక తాత యున్నాడు" అని మామ ఉలి యందుకొనెను.